ఆమె మింగిన ఇనుము

ఖమ్మం ఖానాపురం హవేలిలో మా పక్కింటి అమ్మాయి శ్రావణికి ఈమధ్య ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. పోస్టింగు భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో. స్వీటు డబ్బా పట్టుకొని ఇంటికి వచ్చి, “అంకుల్, మీరు చేసొచ్చిన పనే గదా, నాకు రెండు మాటలు చెప్పుండ్రి” అంది. “సూది గుచ్చేముందు నవ్వు, గుచ్చినాక కూడా నవ్వు” అన్నాను. అదేదో పెద్ద జోకైనట్టు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నాకు సిగ్గేసింది. చెప్పాల్సింది ఒకటుంది. అది చెప్పాలంటే సోమమ్మ పేరు ఎత్తాలి. ఆ పేరు నేను మా ఇంట్లో కూడా ఎత్తను. నోటితో చెప్పలేనిది రాసి ఇద్దామని కూర్చున్నాను. శ్రావణి కోసమే మొదలుపెట్టినా, ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు.

ప్రమోషన్లు, బదిలీలు, సీనియారిటీ గొడవలు ఇందులో ఉండవు. అవి ఎవరి సర్వీసులోనైనా ఒకేలా ఉంటాయి. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని ఒక్కటే. మనుషుల రక్తం తీసి, అందులో ఏది ఎంత ఉందో అంకె రాసివ్వడం. ఊళ్ళలో పిల్లలు నన్ను దోమ సారు అనేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కాదు. దోమకైనా నాకైనా కావలసింది ఒక్క చుక్కే. కాకపోతే దోమ ఆ తర్వాత ఎవరి మీదా తీర్పు చెప్పదు.

చిన్న మేకంత

ట్రైనింగులో మాకు పాఠం చెప్పిన సారు ఒకరోజు ఒక ఇనుప మేకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. “మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే ఇంతే. ఇందులో సగం తగ్గిందనుకో, నువ్వు మెట్లెక్కలేవు” అన్నాడు. మేం నవ్వాం. ఇరవై ఏళ్ళ వయసులో మెట్లు ఎక్కలేకపోవడం అంటే ఏమిటో ఎవరికి తెలుసు.

ఇనుము రక్తంలో కూర్చొని ఊపిరిని మోస్తుంది. పీల్చిన గాలి కాలి వేళ్ళ దాకా చేరాలంటే అదే మోయాలి. పొటాషియం గుండె కొట్టుకునే తీరును కాపాడుతుంది. అది పెరిగినా ప్రమాదమే, తగ్గినా ప్రమాదమే. సోడియం ఒంట్లో నీటిని ఎక్కడిదక్కడ నిలబెడుతుంది. ఖమ్మం మిర్చి యార్డులో ఎండాకాలం బస్తాలు మోసే హమాలీ ఉత్త నీళ్ళే కడుపునిండా తాగి, మాట తడబడి కూలబడ్డాడంటే, చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాలేదేమో చూడాలి. కాల్షియం ఎముకలకేనని అందరూ అనుకుంటారు. కండ బిగియడానికీ, తెగిన చోట రక్తం గడ్డకట్టడానికీ కూడా అది కావాలి. అయోడిన్ చిటికెడు కూడా అక్కర్లేదు, కానీ ఆ కాస్తా లేకపోతే గొంతు దగ్గర గడ్డ లేస్తుంది, కడుపులో బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదు. జింకు తక్కువైతే పిల్లల విరేచనాలు ఓ పట్టాన కట్టవు, పుండు మానదు.

ఇవన్నీ మీ పుస్తకాల్లో ఇంతకంటే బాగానే ఉంటాయి. నేను చెప్పేది ఒక్కటి. వీటిలో ఏదీ మన ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోలేదు. మట్టిలోంచి, నీళ్ళలోంచి, తిండిలోంచి రావాలి. అంటే వచ్చే దారిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. నా సర్వీసంతా నేను నేర్చుకున్నదీ, నేర్చుకొని కూడా మరిచిపోయిందీ ఆ దారి గురించే.

బండి మీద వచ్చిన రక్తం

కొత్తలో నేను ఒక పెద్ద దవాఖానా ల్యాబులో పనిచేశాను. అక్కడ నా పైవాడు యాదగిరి సారు. మాట చాలా కటువు. పొద్దున వచ్చీ రాగానే ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఆయనకు చాయ్ దిగేది కాదు. ఆ ఒకరు సాధారణంగా నేనే అయ్యేవాణ్ణి.

ఒకరోజు బోనకల్ వైపు నుంచి ఒక రైతు రక్తం సీసా వచ్చింది. అక్కడి చిన్న ఆసుపత్రిలో తీసి, ఐసు పెట్టెలో పెట్టి, బండి మీద పంపారు. వెనకాలే ఆ రైతు బస్సులో వచ్చి బయట కూర్చున్నాడు. నేను పరీక్ష చేస్తే పొటాషియం ఎంత వచ్చిందంటే, అంత ఉన్న మనిషి బతికి ఉండటమే ఆశ్చర్యం. నాకు భయమేసింది. ప్రాణం కాపాడే అవకాశం నాకే దొరికిందని లోపల కొంచెం గర్వం కూడా. పరుగెత్తుకెళ్ళి డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఇంజెక్షన్ సిద్ధం చేయమన్నాడు.

అంతలో యాదగిరి సారు ఆ సీసాను కిటికీ వెలుతురులో పట్టుకొని చూశాడు.

“ఇదేందిరా?”

“రక్తం సార్.”

“రక్తమని నాకూ తెల్సు. పైకి తేలిన నీళ్ళు ఎర్రగెందుకున్నయ్?”

రక్తం నిలబడ్డాక పైకి తేలే నీరు లేత పసుపుగా ఉండాలి. అది ఎర్రగా ఉంది. నేను చూశాను, కానీ పట్టించుకోలేదు.

“సీసా ఎట్లొచ్చింది?”

“బండి మీద సార్. పొద్దున తీసిండ్రంట.”

“పొద్దున్నుంచి గుంతల రోడ్డు మీద గిలకొట్టుకుంట తెచ్చిండ్రు. కణాలు పగిలినయ్. లోపలున్న పొటాషియం బైటికొచ్చింది. నువ్వు కొలిచింది ఆ మనిషిని కాదురా, ఆ రోడ్డును.”

మళ్ళీ రక్తం తీసి చూశాం. అంతా మామూలుగా ఉంది. ఆ రైతు బెంచీ మీద కూర్చొని పల్లీలు తింటున్నాడు. లేని రోగానికి ఆ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, ఉన్న పొటాషియం కూడా పడిపోయి గుండె మీదికి వచ్చేది. ఆ రోజు సాయంత్రం యాదగిరి సారు నన్ను తిట్టలేదు. చాయ్ ఇప్పించి చెప్పాడు. “అంకె తేడా వస్తే మొదలు నీ చెయ్యిని అనుమానించు. తర్వాత సీసాను. తర్వాత దారిని. మనిషిని అందరికన్నా ఆఖర్న అనుమానించాలె.”

ఆ మాట నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రాసుకోవడం వేరు, ఒంటపట్టడం వేరు అని మీకు చెప్పాలనే ఈ సంగతి ఎత్తాను.

పొయ్యి మీది ఉప్పు

తర్వాత నన్ను అడవి వైపు వేశారు. చివరి పదేళ్ళకు పైగా అక్కడే ఉన్నాను. ఆ వైపు కోయవాళ్ళ ఇళ్ళు పదో పదిహేనో ఒకచోట ఉంటే దాన్ని గుంపు అంటారు. నర్సు నాగమణీ నేనూ నెలకొకసారి ఒక్కో గుంపుకు వెళ్ళి అంగన్‌వాడీ అరుగు మీద కూర్చునేవాళ్ళం. నాగమణిది ఆ దగ్గరి ఊరే. కోయ భాష కొంచెం వచ్చు. నాకంటే చిన్నది, నాకంటే తెలివైంది.

ఒకసారి ఇంటింటి ఉప్పులో అయోడిన్ ఉందో లేదో చూడమన్నారు. ఉప్పు మీద మందు చుక్క వేస్తే ఊదారంగు తిరగాలి. ఒక గుంపులో చాలా ఇళ్ళలో సరిగ్గా తిరగలేదు. సంతలో ఉప్పు అమ్మేవాడే మోసం చేస్తున్నాడని తీర్మానించేశాను. సంత రోజున పోయి నలుగురిలో వాణ్ణి దులిపేశాను. వాడు బిక్కమొహం వేసి ఒక ప్యాకెట్ చించి ఇచ్చాడు. చుక్క వేస్తే వంకాయ రంగు తిరిగింది.

నాగమణి నన్ను మళ్ళీ ఒక ఇంట్లోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. వానాకాలం ఉప్పు చెమ్మగిల్లి నీళ్ళవుతుందని, మూతలేని కుండలో పోసి పొయ్యి పైన వేలాడదీస్తారు. నెలల తరబడి ఆ ఆవిరికీ సెగకూ అయోడిన్ తగ్గిపోతుంది. ఉప్పు మిగులుతుంది. ఆ ఇంటి ముసలమ్మను అడిగితే, “ఉప్పు నీళ్ళయితే ఏం తినాలె సారూ?” అంది. ఆ ప్రశ్నలో తప్పేం లేదు.

మూత గట్టిగా ఉన్న సీసాల్లో పోసుకొమ్మని చెప్పాం. ఆ ఉప్పు వ్యాపారికి మాత్రం నేను సారీ చెప్పలేదు. అప్పట్లో అది పెద్ద విషయంగా అనిపించలేదు. మళ్ళీ మనిషినే ముందు అనుమానించానని కూడా అనిపించలేదు.

సోమమ్మ

సోమమ్మను మొదటిసారి చూసినప్పుడు ఆమెకు నాలుగో నెల. అంతకుముందు ఒక బిడ్డ పుట్టి దక్కలేదు. ఈసారి ఎలాగైనా దక్కించుకోవాలని ఆమె పట్టుదల. “ఏం జెప్పినా చేస్త సిస్టరమ్మా, బిడ్డ బతకాలె” అని నాగమణి చేతులు పట్టుకుంది. పక్కనే ఆమె భర్త కన్నయ్య నిలబడి తల ఊపాడు. మాటలు తక్కువ మనిషి. బీడీల తునికాకు కోతకూ కూలికీ ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు.

వేలికి సూది గుచ్చితే వచ్చిన చుక్క నీళ్ళు కలిపినంత పలచగా ఉంది. హిమోగ్లోబిన్ ఏడున్నర. పదకొండు ఉండాలి. ఇనుము మాత్రలూ, కాల్షియం మాత్రలూ ఇచ్చాం.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఆ ఎర్ర మాత్రలంటే గుంపుల్లో ఆడవాళ్ళకు పడేది కాదు. కడుపులో తిప్పుతుంది, వాంతి వస్తుంది, మలం నల్లగా పోతుంది. భయపడి పారేసేవాళ్ళు. ఒకసారి వాగు ఒడ్డున ఎర్ర మాత్రలు చల్లినట్టు పడి ఉండటం నా కళ్ళతో చూశాను. అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. ఆ ఇళ్ళలో పొద్దున్నే నల్లటి చాయ్ కాస్తారు, పాలు ఉండవు. మాత్ర వేసుకొని వెంటనే చాయ్ తాగితే వాంతి రాదు, నోట్లో తుప్పు వాసనా ఉండదు అన్నాను. రెండు మాత్రలూ ఒకే గుటకలో వేసుకొమ్మన్నాను, గుర్తుంటుందని. మేం వెళ్ళిన రోజున అంగన్‌వాడీలో నా డబ్బుతోనే చాయ్ పెట్టించి, మా ముందే మింగించేవాళ్ళం. ఆడవాళ్ళు సంతోషంగా మింగారు. మా ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

తర్వాతి నెల సోమమ్మకు ఏడు వచ్చింది. ఆ పై నెల ఆరున్నర. ఆమె అత్త వచ్చి, “గోడ మట్టి గీక్కొని తింటంది సారూ” అని ఫిర్యాదు చేసింది. రక్తం బాగా తగ్గినవాళ్ళకు అలాంటివి తినాలనిపిస్తుందని నాగమణి చెప్పబోయింది. నేను వినలేదు. ఆ రోజు అరుగు నిండా ఆడవాళ్ళు ఉన్నారు. దడి పక్కన కన్నయ్య నిలబడ్డాడు. నా గొంతు మామూలుగానే పెద్దది.

“సోమమ్మా, గోలీలు ఏడ పారేస్తున్నవ్?”

“పారేస్తలే సారూ. మింగుతున్న. నువ్వు జెప్పినట్టే, చాయ్ తోటి.”

“మింగితే రక్తం పెరగాలె గదా. గిది మిషన్. మిషన్ అబద్ధం చెప్పదు. అబద్ధం జెప్పేది నువ్వు.”

సోమమ్మ వేలి మీది రక్తాన్ని చీర కొంగుకు తుడుచుకొని పక్కకు పోయి కూర్చుంది. నేను రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా “మాత్రలు వేసుకోవడం లేదు” అని రాశాను.

పిల్లలూ, ఈ ఒక్క వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. ఆమెను పెద్దాసుపత్రికి పంపి ఇనుము ఇంజెక్షన్లు ఎక్కించాలని మా డాక్టరు అనుకున్నాడు. మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగని వాళ్ళకు చేసేది అదే. రిజిస్టరు చూశాక ఆగిపోయాడు. “మింగని మనిషికి ఇంజెక్షన్ దేనికయ్యా, ముందు మింగించండి” అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. నేను రాసింది నమ్మాడు, అంతే.

ఆ పై నెల సోమమ్మ ఖాళీ మాత్రల అట్టలన్నీ నార తాడుతో కట్టి తెచ్చింది. ఒక్కటీ పారేయకుండా దాచిపెట్టుకుంది.

“చూడు సారూ. ఒక్కటి గూడ మిగల్లే.”

“ఖాళీ అట్టలు ఎవరైనా తెస్తరు. గోలీలు కోళ్ళకేసినవో, వాగులేసినవో నాకేం తెల్సు?”

ఆమె ఆ కట్ట తిరిగి తీసుకొని కొంగున ముడేసుకుంది. అప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. ఇంకేం చూపిస్తే నమ్ముతాడో అని ఆలోచిస్తున్నట్టు ఉంది. ఆ ముఖం నాకు బాగా గుర్తుంది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ వస్తుంది.

రోజూ పొద్దున ఆశా వర్కరు ముందు మింగాలని ఆర్డరు వేశాం. సోమమ్మ రోజూ వచ్చి, చాయ్ తాగుతూ మింగింది. ఎనిమిదో నెలలో ఆరు వచ్చింది. “నా కండ్ల ముందే మింగుతంది సార్” అని ఆశా చెప్పింది. నాలుక కింద దాచుకొని తర్వాత ఉమ్మేస్తుందేమో చూడు అన్నాను. అప్పటికీ నాకు అనుమానం ఆమె మీదే.

చివరికి డాక్టరు గారు ఇక లాభం లేదని, రక్తం ఎక్కించడానికి వచ్చే సోమవారం పెద్దాసుపత్రికి పంపుదామన్నాడు. శనివారం నుంచి ముసురు పట్టింది. ఆదివారం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి, నెలలు నిండకముందే. వాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయింది. మంచం మీద మోసుకొని వాగు దాటించారు. బిడ్డ దారిలోనే పుట్టింది. ఆడపిల్ల. బతికింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి నాగమణి ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూర్చొని ఉంది. మోకాళ్ళ దాకా బురద.

“రక్తం ఎక్కువ పోలే సార్” అంది. “కాన్పుల అందరికీ పోయేటంతే పోయింది. సోమమ్మ ఒంట్ల గంత గూడ లేదు.”

నేను తాళం తీసి ల్యాబులోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు ఎవరికీ సూది గుచ్చలేదు.

విప్పని పోస్టర్లు

మా ల్యాబులో సూక్ష్మదర్శిని బల్ల కాలు ఒకటి పొట్టిది. దాని కింద ఒక పోస్టర్ల కట్ట పెట్టి ఉండేది. ఎప్పుడో పై ఆఫీసు నుంచి వచ్చింది. గోడలు చెమ్మగా ఉన్నాయని అంటించకుండా, నేనే మడిచి బల్ల కింద పెట్టాను. సోమమ్మ పోయిన నెలకు కొత్త బల్ల వచ్చింది. పాతది జరిపితే ఆ కట్ట బయటపడింది. పారేయబోయి విప్పాను.

పోస్టరు మీద గర్భిణి బొమ్మ. చేతిలో ఎర్ర మాత్ర. పక్కన ఒక చాయ్ గ్లాసు, దాని మీద అడ్డంగా ఎర్రటి గీతలు. కింద, కాల్షియం మాత్రను ఇనుము మాత్రతో కలిపి వేసుకోవద్దని ఉంది. చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు బొమ్మ వేశారు. చదువుకున్న నేను దాన్ని బల్ల కాలి కింద పెట్టాను.

డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

“చాయ్‌లో ఉండే వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. ఒంట్లోకి వెళ్ళేది తగ్గిపోతుంది. నాకూ తెలుసు. చదువుకున్నాను. మీరు చాయ్ పెట్టిస్తున్నారని చూసి కూడా నాకు తట్టలేదు” అన్నాడు. తర్వాత, “అదొక్కటే కారణమని అనలేం. కడుపులో పురుగులుంటాయి, మలేరియా ఉంటుంది, ఆ వైపు సికిల్ సెల్ అనే రక్తజబ్బు కూడా ఉంది” అన్నాడు.

ఆ రెండో మాట పట్టుకొని నేను కొన్నాళ్ళు బతికాను. పురుగులేమో, మలేరియానేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అంగన్‌వాడీలో చాయ్ మాత్రం మాన్పించాం. కాల్షియం రాత్రికి మార్చాం. ఇనుము మాత్రతో పాటు ఒక ఉసిరికాయ తినమన్నాం, దొరకని రోజుల్లో నిమ్మకాయ నీళ్ళు. పులుపు ఇనుమును ఒంట్లోకి తీసుకుపోతుంది. ఉసిరికాయలు ఆ అడవివే. ఆ ఆడవాళ్ళే గంపల్లో ఏరుకొచ్చి సంతలో మాకు అమ్మేవాళ్ళు.

రెండు మూడు నెలలకు అంకెలు కదిలాయి. అందరివీ కాదు, కొందరివి. ఏడున్నర ఉన్నామెకు తొమ్మిది వచ్చింది. నాగమణి రిజిస్టరు నా వైపు తిప్పింది. నా సర్వీసులో రక్తం పెరిగితే ఏడుపొచ్చిన రోజు అదొక్కటే. ఇక నాకు నేను చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. సోమమ్మ నాకు చెప్పింది కూడా. నువ్వు చెప్పినట్టే, చాయ్ తోటి అని. జవాబు ఆమె నోట్లోనే ఉంది. నేను వినలేదు.

గట్టిగా

ఆ వారమే ఒక్కణ్ణే ఆ గుంపుకు వెళ్ళాను. నాగమణి తోడొస్తానంది, వద్దన్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే పోయాను. ఇంటి ముందు సోమమ్మ అత్త ఒడిలో బిడ్డను పెట్టుకొని ఉంది. నన్ను చూసి, “దోమ సారొచ్చిండు” అని లోపలికి కేకేసింది. మంచం వాల్చారు. ఎవరు వచ్చినా ఇచ్చినట్టే నాకూ ఒక గ్లాసు నల్లటి చాయ్ ఇచ్చారు. అది చేతిలో పట్టుకొని చెప్పడం మొదలుపెట్టాను.

అంతా చెప్పాను. చాయ్ గురించి, పోస్టరు గురించి, రిజిస్టరులో రాసిన వాక్యం గురించి. సోమమ్మ అబద్ధం చెప్పలేదని, ఒక్క మాత్ర కూడా పారేయలేదని, తప్పు నాదని చెప్పాను. వాళ్ళు నన్ను తిడతారనో, తరిమేస్తారనో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తిడితే బాగుండు అనుకున్నాను. కన్నయ్య గుంజకు ఆనుకొని కింద కూర్చొని విన్నాడు.

“నేను గూడ నమ్మిన సారూ” అన్నాడు చివరికి.

“సోమమ్మనా?”

“కాదు. నిన్ను.”

అతని చూపు బిడ్డ మీద ఉంది.

“నువ్వు అందరి ముందట అబద్ధమన్నవ్ గదా. గా రోజు ఇంటికొస్తుంటే దారిల కొట్టిన. ఒక్కటే దెబ్బ. అంతకుముందు ఎన్నడూ కొట్టలే. ఒక బిడ్డ పాయె, ఇంకో బిడ్డను గూడ చంపుతవా అన్న. అది ఏడ్వలే. మింగిన, మింగిన అనుకుంటనే నడిచింది. ఆనాటి సంది అట్టలు దాసుడు పెట్టింది. నీకు జూపియ్యనీకె కాదు సారూ. నాకు జూపియ్యనీకె.”

నా తప్పు నాదొక్కడిదే అనుకొని వచ్చాను. దాన్ని తెచ్చి ఒక మంచి మనిషి చేతికి కూడా అంటించానని అక్కడ తెలిసింది. ఆమె బతికున్న చివరి నెలల్లో ఆమె ఇంట్లో కూడా ఆమె మాట చెల్లలేదు. దానికి ఏ డాక్టరూ పురుగులనో మలేరియానో చెప్పలేడు.

కన్నయ్య లేచాడు. “రా సారూ” అని నడిచాడు. వెనకాలే వెళ్ళాను. గుంపు దాటాక చెట్ల మధ్య పాతిపెట్టిన చోట ఒక రాయి నిలబెట్టి ఉంది. పోయినవాళ్ళ వస్తువులు ఆ రాయి దగ్గర పెట్టడం వాళ్ళ పద్ధతి. ఒక దువ్వెన, గాజులు, ఆకు కోతకు కట్టుకునే పాత గుడ్డ, ఒక స్టీలు గ్లాసు. వాటి పక్కన నార తాడుతో కట్టిన మాత్రల అట్టల కట్ట. వానకు మెరుపు పోయి తెల్లబడ్డాయి.

“ఈడ జెప్పు” అన్నాడు.

ముప్పై ఏళ్ళ సర్వీసు. ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను. అక్కడ నిలబడి, చేతులు జోడించి, నాకు మాత్రమే వినబడేట్టు ఏదో అన్నాను.

“గట్టిగ జెప్పు సారూ” అన్నాడు కన్నయ్య. అతని గొంతులో కోపం లేదు. “ఆ రోజు గట్టిగనే అన్నవ్.”

గుంపులో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పని ఆపి ఇటు చూస్తున్నారు. ఆ రోజు అరుగు మీద కూర్చున్నవాళ్ళే.

“సోమమ్మా, నువ్వు అబద్ధం చెప్పలేదు” అన్నాను, వాళ్ళకు వినబడేట్టు. “గోలీలన్నీ మింగినవ్. ఒక్కటి గూడ పారేయలేదు.”

కన్నయ్య ఆ రాయి వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, తనూ నా అంత గట్టిగానే, “మింగినవే” అన్నాడు.